ఎర్ర పొడి కనిపించే దాకా: ఇంట్లో గోడకు స్పీకర్లు గట్టిగా బిగించడం ఎలా

రాజోలు దగ్గర మా మేనత్త గారి ఇంట్లో రెండేళ్ల కిందట ఒక స్పీకరు గోడ మీది నుంచి ఊడిపడింది. కార్తీక మాసం, తెల్లవారుజాము, గదిలో ఎవరూ లేరు. అది పడిన చోట రోజూ మధ్యాహ్నం చాప వేసి మనవరాలిని పడుకోబెడతారు. మర్నాడు నేను వెళ్లేసరికి బ్రాకెట్టు స్క్రూలతో సహా నేల మీదే ఉంది. స్క్రూకు, దాన్ని గోడలో పట్టించే ప్లాస్టిక్ ప్లగ్గు, ప్లగ్గు చుట్టూ బూడిద రంగు సిమెంటు పెచ్చు అంటుకుని ఉన్నాయి. చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. ఎర్రటి రేణువు ఒక్కటి కూడా లేదు. ఆ ప్లగ్గు అన్నాళ్లూ గోడ పూతను పట్టుకునే వేలాడింది, ఇటుక దాకా చేరనే లేదు.

అప్పటి నుంచి ఎవరింట్లో స్పీకర్లు బిగించినా నేను మొదట చూసేది డ్రిల్లు నుంచి రాలే పొడి రంగే. బ్రాకెట్టు ఎంత ఖరీదైనదైనా బరువు మోసేది గోడలోని ఇటుక. మన గోదావరి డెల్టాలో ఆ ఇటుకను చేరే దారిలో పూత ఉంటుంది, చెమ్మ ఉంటుంది, చౌడు ఉంటుంది, సముద్రం దగ్గరైతే ఉప్పుగాలి కూడా ఉంటుంది. వీటన్నిటినీ లెక్కలో పెట్టుకుని బిగిస్తే ఆ స్పీకరు ఏళ్ల తరబడి కదలదు. ఎలాగో మొదటి నుంచి చెబుతాను.

మీ గోడ ఏ గోడ?

బిగించాలనుకున్న చోట ముందు గోడను వేలి కణుపులతో తట్టండి. చుట్టూ ఒక అడుగు మేర పైకీ కిందికీ తట్టుకుంటూ వెళ్లండి. మోత గట్టిగా ఉంటే పూత ఇటుకను పట్టుకునే ఉంది. గుల్లగా పలికితే పూత ఇటుకను వదిలేసింది. అక్కడ మేకు కూడా కొట్టవద్దు. వేరే చోటు వెతకండి, లేదా తాపీ మేస్త్రీని పిలిచి ఆ ముక్క చెక్కించి మళ్లీ పూత పెట్టించండి.

గోదావరి ఒండ్రుతో చేసి కాల్చిన ఎర్ర ఇటుక, సిమెంటు మాలు, తొమ్మిదంగుళాల మందం. ఇలాంటి గోడ దొరికితే సగం చింత తీరినట్టే. గదుల మధ్య అడ్డంగా కట్టే నాలుగున్నర అంగుళాల గోడ అయితే జాగ్రత్త పడాలి. రంధ్రం రెండున్నర అంగుళాలు దాటనివ్వవద్దు. డ్రిల్లును గట్టిగా నెడితే అవతలి గదిలో పూత పెచ్చులుగా రాలుతుంది. అలాంటి గోడకు నాలుగైదు కిలోలకు మించిన స్పీకరు పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

భీమవరం, అమలాపురం వంటి పట్టణాల్లో కొత్త అపార్టుమెంట్ల గోడలను చాలాచోట్ల ఏఏసీ బ్లాకులతో కడుతున్నారు. ఇవి తెల్లగా, తేలికగా ఉంటాయి. లోపల కోటానుకోట్ల గాలి బుడగలుంటాయి కాబట్టి మామూలు ప్లగ్గు వీటిలో పట్టు నిలుపుకోలేదు. డ్రిల్లులో హ్యామర్ మీట ఆపేసి, తిప్పుడుతోనే రంధ్రం వేయాలి. ఏఏసీ కోసమే చేసిన, మర మాదిరి వెడల్పు రెక్కలున్న ప్లగ్గులు హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగి తీసుకోండి. లోపల బోలుగా ఉండే సిమెంటు దిమ్మెలైతే దిమ్మె బోలులో విచ్చుకునే రెక్కల బోల్టు వాడాలి.

ఇక పాత మండువా లోగిళ్లు. ఈ ఇళ్లంటే నాకు చాలా ఇష్టం. ఈ గోడల్లో డ్రిల్లు పెట్టాలంటే చెయ్యి ఆడదు. గోడ అడుగున్నర మందం ఉంటుంది. అది చూసి ఎంత బరువైనా మోస్తుందని అనుకుంటాం. లోపల ఇటుకకూ ఇటుకకూ మధ్య ఉన్నది సున్నమో, బంకమట్టో. స్క్రూ ఆ సందులో పడితే చేత్తో లాగినా వచ్చేస్తుంది. ఇలాంటి ఇంట్లో స్పీకరు బ్రాకెట్టును నేరుగా గోడకు పెట్టకండి. అంగుళం మందం, ఎనిమిదంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవు ఉన్న టేకు పలకను నిలువుగా పెట్టి, దాన్ని ఆరు చోట్ల వేర్వేరు ఇటుకల్లోకి బిగించండి. బ్రాకెట్టును ఆ పలకకు బిగించండి. ఒక ఇటుక వదులైనా మిగిలిన ఐదూ పట్టుకుంటాయి. పలకకు రంగు వేస్తే ఇంటి అందమూ చెడదు. గోడ మరీ బలహీనంగా ఉంటే అవతలి వైపు దాకా రంధ్రం తీసి, పొడవాటి బోల్టు దూర్చి, వెనుక ఇనుప పలక వేసి నట్టుతో బిగించడం ఒక్కటే నమ్మదగిన దారి.

కాంక్రీటు స్తంభం దొరికితే గట్టితనానికి లోటుండదు. కానీ పూత దాటాక ఒకటిన్నర అంగుళం లోతున ఇనుప చువ్వలుంటాయి. డ్రిల్లుకు తగిలించే బిట్టు లోపల టంగుమని ఆగిపోతే బలవంతం చేయవద్దు. అంగుళమో రెండంగుళాలో పక్కకు జరిపి మళ్లీ మొదలు పెట్టండి.

చెమ్మ గీత ఎక్కడుందో చూడండి

ఇది మన ప్రాంతం వారు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి మన కాలువల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు నీరు పారుతూనే ఉంటుంది. చుట్టూ వరి చేలు, ఊరి మధ్య చెరువు, రెండు మూడు నిలువుల్లో బావి నీరు. పునాది మీద చెమ్మను ఆపే పట్టీ సరిగ్గా వేయని ఇళ్లలో ఆ తడి ఇటుకలను పట్టుకుని పైకి పాకుతుంది. చాలా గోడల్లో మూడడుగుల ఎత్తు దాకా రంగు ఉబ్బి, తెల్లటి చౌడు పువ్వులా పూసి కనిపిస్తుంది. దాని పై అంచే చెమ్మ గీత. ఆ గీత కింద బిగించిన ప్లగ్గు చుట్టూ పూత పిండిలా రాలుతుంది, ఇనుప స్క్రూ తుప్పు పడుతుంది, స్పీకరు వెనుక చెక్క ఉబ్బుతుంది.

కంటికి కనిపించని చెమ్మకు ఒక చిన్న పరీక్ష ఉంది. అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకు పెట్టి నాలుగు అంచులా టేపుతో గాలి దూరకుండా అంటించండి. రెండు రోజులు వదిలేయండి. లోపలి వైపు నీటి చుక్కలు పడితే ఆ చోటు వద్దు.

పై నుంచి వచ్చే తడి వేరు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ముంచిన తుపాను చూసిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే అడగండి, తుపానులో వాన అడ్డంగా ఎలా కొడుతుందో చెబుతారు. వాన నేరుగా తగిలే బయటి గోడ కంటే ఇంటి లోపలి గోడ మేలు. స్నానాల గదికి ఆనుకున్న గోడను పూర్తిగా వదిలేయండి. అక్కడ చెమ్మే కాదు, నీటి పైపులు కూడా ఉంటాయి.

వీలైతే ఈ పని వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో పెట్టుకోండి. ఏడాదిలో గోడలు బాగా ఆరి ఉండేది అప్పుడే.

ఎంత ఎత్తున పెట్టాలి

కుర్చీలో కూర్చున్న మనిషి చెవి నేలకు మూడు, మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. స్పీకరులో సన్నని శబ్దాలు పలికే చిన్న గుండ్రటి భాగాన్ని ట్వీటర్ అంటారు. ఆ శబ్దాలు టార్చిలైటు వెలుగులా ఎదురుగా ఉన్నవారికే సూటిగా చేరతాయి. అందుకే ట్వీటర్ చెవి ఎత్తున ఉండాలని అందరూ చెబుతారు. చెమ్మ గోడలున్న ఇంట్లో ఆ మాట పాటిస్తే స్పీకరు సరిగ్గా చెమ్మ గీత మీదకే వస్తుంది. మనం ఐదడుగుల ఎత్తున బిగించి, ముఖం కిందికి వంచాలి. అందుకని వంగే బ్రాకెట్టే కొనండి. మీరు కూర్చునే చోటు తొమ్మిది అడుగుల దూరంలో ఉంటే పది, పన్నెండు డిగ్రీల వంపు సరిపోతుంది.

డిగ్రీలు కొలిచే పరికరం అక్కరలేదు. ఒక పురికొస చాలు. ట్వీటర్ దగ్గర ఒక కొస పట్టుకుని, కుర్చీలో ఇంట్లోవారిని కూర్చోబెట్టి రెండో కొస వారి చెవి దగ్గరకు తీసుకురండి. స్పీకరు ముఖం ఆ తాడుకు అడ్డంగా, సరిగ్గా మూలమట్టంలో ఉందా చూడండి. అదే తాడుతో ఇంకో కొలత కూడా తీసుకోవచ్చు. ఎడమ స్పీకరుకూ కుడి స్పీకరుకూ మధ్య దూరం, ఒక్కో స్పీకరు నుంచి మీ తల దాకా దూరం, ఈ మూడూ ఇంచుమించు సమానంగా ఉంటే పాట మధ్యలో గాయకుడు నిలబడి పాడుతున్నట్టు వినిపిస్తుంది.

గోడకు దగ్గరగా పెడితే కింది స్థాయి శబ్దం పెరుగుతుంది, మూలకు నెడితే ఇంకా పెరిగి గుమ్మనే మోతగా మారుతుంది. మూల నుంచి కనీసం రెండడుగులు ఎడం ఇవ్వండి. స్పీకరు వెనుక గాలి గొట్టం ఉంటే గోడకూ దానికీ నాలుగైదు అంగుళాల ఖాళీ ఉండాలి. కింది స్థాయి శబ్దాల కోసమే ఉండే పెట్టెను, అంటే సబ్‌వూఫర్‌ను మాత్రం నేల మీదే ఉంచండి, గోడకు ఎప్పుడూ ఎక్కించవద్దు. ఫ్యాను రెక్క తిరిగే మేర, తలుపు తెరుచుకునే మేర, ఉయ్యాల ఊగే మేర కూడా చూసుకోవాలి. మన ఇళ్లలో హాలులో ఉయ్యాల బల్ల మామూలే కదా.

బరువు లెక్క

నాలుగు కిలోల స్పీకరు గోడను నాలుగు కిలోలే లాగుతుందని అనుకోకండి. స్పీకరు బరువు గోడకు దూరంగా, బ్రాకెట్టు చివర ఉంటుంది. నీళ్ల బిందెను ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ, చెయ్యి చాపి పట్టుకోవడానికీ ఉన్న తేడా ఇక్కడ కూడా ఉంటుంది. స్పీకరు బరువు మధ్య భాగం గోడకు 18 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. బ్రాకెట్టు పలక అడుగు అంచు నుంచి పై స్క్రూల దాకా 8 సెంటీమీటర్లు. నాలుగును పద్దెనిమిదితో గుణించి ఎనిమిదితో భాగిస్తే తొమ్మిది. పై స్క్రూలను గోడలోంచి బయటికి లాగే బలం తొమ్మిది కిలోలన్నమాట. ఇరవై కిలోల పిల్లవాడు కుర్చీ ఎక్కి దాన్ని పట్టుకుని వేలాడితే ఆ పిల్లవాడి బరువు ఒక్కదానికే మరో నలభై ఐదు కిలోలు తోడవుతాయి.

ఈ లెక్క నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. పలక పొడవుగా ఉన్న బ్రాకెట్టు మంచిది. చెయ్యి పొట్టిగా ఉన్నది మంచిది. కింది స్క్రూ కంటే పై స్క్రూ ముఖ్యం, దాన్ని అన్నిటికంటే గట్టి ఇటుకలోకి పంపాలి. బ్రాకెట్టు మీద రాసిన బరువు మీ స్పీకరు బరువుకు మూడింతలైనా ఉండేలా చూసి కొనండి.

స్పీకరు వెనుక మరలున్న రంధ్రాలు ఉంటే వాటికి సరిపోయే బోల్టులతోనే బ్రాకెట్టు తగిలించాలి. లేకపోతే రెండు పక్కలా పట్టుకునే బిగింపు బ్రాకెట్టు తెచ్చుకోండి. మీ అంతట మీరు స్పీకరు పెట్టెకు రంధ్రం వేయవద్దు. అది చాలావరకు నొక్కిన చెక్క పొట్టు పలకతో చేసినదై ఉంటుంది. స్క్రూ కొన్నాళ్లు పట్టుకుని, వానాకాలం తేమకు చెక్క ఉబ్బగానే పిండి రాల్చుకుంటూ జారిపోతుంది. లోపలి తీగలు తెగే ప్రమాదం కూడా ఉంది. సన్నని పొడవాటి సౌండ్‌బార్ అయితే ఈ బాధ తక్కువ. అది గోడకు దగ్గరగా ఉంటుంది, రెండు చివర్లా రెండు పట్టీలు చాలు.

ఏమేం తెచ్చుకోవాలి

హ్యామర్ ఉన్న డ్రిల్లు మిషన్, గోడ బిట్లు 5, 8 మిల్లీమీటర్లవి, టేపు, పెన్సిలు, రసమట్టం, స్క్రూ డ్రైవరు, కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ. డ్రిల్లు సొంతంగా లేకపోతే మేస్త్రీలకు సామాను అద్దెకిచ్చే దుకాణంలో ఒక పూటకు తీసుకోవచ్చు. సైకిలు పంపు కూడా దగ్గర పెట్టుకోండి, దాని పని తరవాత చెబుతాను.

నాలుగైదు కిలోల స్పీకరుకు 8 మిల్లీమీటర్ల ప్లగ్గు, దానికి 5 మిల్లీమీటర్ల స్క్రూ. పెట్టెలో ఉచితంగా వచ్చే ప్లగ్గులను నేను వాడను. అవి చాలావరకు పొట్టిగా ఉంటాయి. మన గోడల పూత అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా ఉంటుంది. పొట్టి ప్లగ్గు ఆ పూతలోనే ఉండిపోతుంది. మా మేనత్త గారి ఇంట్లో జరిగింది అదే.

స్క్రూ పొడవు ఇలా లెక్క వేయండి. పూత 20 మిల్లీమీటర్లు, ప్లగ్గు 40, బ్రాకెట్టు పలక 3, కొస బయటికి రావడానికి 5. మొత్తం 68. దుకాణంలో 70 మిల్లీమీటర్ల స్క్రూ అడగండి. రంధ్రం లోతు 75 వేయండి. నాలుగున్నర అంగుళాల గోడకు ఇంత లోతు పనికిరాదు. అక్కడ 30 మిల్లీమీటర్ల ప్లగ్గు తీసుకుని రంధ్రం 60 దగ్గరే ఆపండి, స్క్రూ కూడా ఆ మేరకు తగ్గించండి.

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. అంతర్వేది, ఓడలరేవు, యానాం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో అయితే 316 రకం అడగండి. 304 కంటే అది ఉప్పును బాగా తట్టుకుంటుంది. పసుపు పూత వేసిన మామూలు స్క్రూలు ఆ గాలికి రెండు మూడు వానాకాలాల్లో గోధుమ రంగు కన్నీళ్లు కారుస్తాయి. తుప్పు కేవలం చూపుకు చెడ్డది కాదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ పూతను పగలగొడుతుంది. వాషర్లు కూడా స్టెయిన్‌లెస్‌వే వాడండి. ధర తేడా ఒక స్పీకరుకు కొద్ది రూపాయలే.

రంధ్రం వేయడం

ముందు కరెంటు సంగతి. గోడ లోపల వైర్ల గొట్టాలు సాధారణంగా స్విచ్ బోర్డు నుంచి నిటారుగా పైకి, ఒక్కోసారి అడ్డంగా పోతాయి. ప్రతి స్విచ్ బోర్డుకూ, ప్లగ్ పాయింటుకూ నేరుగా పైన, కింద, పక్కన ఉన్న గోడను వదిలేయండి. ఇల్లు కట్టినప్పుడు తీసిన ఫొటోలు ఫోనులో ఉంటే వెతికి చూడండి, గొట్టాలు ఎటు పోయాయో తెలిసిపోతుంది. ఆ గదికి కరెంటు ఆపే స్విచ్చును, అంటే ఎంసీబీని ఆపేసి, డ్రిల్లుకు వేరే గది నుంచి కరెంటు తెచ్చుకోండి. గోడలో ఉండేది 230 వోల్టుల కరెంటు. ఇందులో తొందర వద్దు. పిల్లలను మరో గదికి పంపండి. చెప్పులు లేకుండా నిచ్చెన ఎక్కవద్దు, కింద ఒకరు పట్టుకుని ఉండాలి.

బ్రాకెట్టును గోడకు ఆనించి రసమట్టంతో నిలువు చూసి, రంధ్రాల చోట పెన్సిలుతో కూడిక గుర్తు పెట్టండి. రెండో స్పీకరుకు నేల నుంచి కొలవకండి. పాత ఇళ్లలో నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం పట్టుకుంటే రెండు గుర్తులూ ఒకే మట్టంలో ఉంటాయి.

గుర్తుల కింద మడిచిన కాగితాన్ని దొప్పలా చేసి టేపుతో అంటించండి. రాలే పొడి అందులో పడుతుంది. గది శుభ్రంగా ఉండడం కోసమే కాదు, ఆ పొడిని మీరు చూడాలి. 8 మిల్లీమీటర్ల బిట్టుకు కొస నుంచి 75 మిల్లీమీటర్ల దగ్గర రంగు టేపు చుట్టండి. అదే లోతు గుర్తు.

మొదట 5 మిల్లీమీటర్ల బిట్టుతో, హ్యామర్ లేకుండా, మెల్లగా మొదలు పెట్టండి. మొదట తెల్లటి పొడి రాలుతుంది. అది లప్పం, రంగు. తరవాత బూడిద రంగు పొడి. అది సిమెంటు పూత. ఇక్కడ డ్రిల్లు తేలికగా లోపలికి పోతుంది. అర అంగుళం, ముప్పావు అంగుళం దాటగానే చేతికి తగిలే బరువు మారుతుంది, మోత మారుతుంది, దొప్పలోకి ఎర్రటి పొడి రాలడం మొదలవుతుంది. కుంకుమ అంత ఎరుపు కాదు, ఎండిన ఎర్రమట్టి ఎరుపు. అప్పుడు ఆగి, బయటికి తీసి, ఎంత లోతున ఎరుపు మొదలైందో బిట్టు మీద వేలితో గుర్తు పెట్టుకోండి. మీ గోడ పూత మందం అదే. ఇందాక మనం 20 అనుకున్నాం, మీ గోడలో 25 ఉంటే స్క్రూ ఐదు మిల్లీమీటర్లు పొడవుది కావాలి.

ఎరుపు రాకుండా బూడిద రంగే రాలుతూ, బిట్టు తేలికగా జారిపోతుంటే మీరు రెండు ఇటుకల మధ్య సందులో ఉన్నారు. ఇటుక మందం మూడంగుళాలే కాబట్టి ఒకటిన్నర అంగుళం పైకో కిందికో జరిగితే ఇటుక మధ్యకు వస్తారు. బూడిద రంగు పొడే రాలుతూ బిట్టు కష్టంగా కదులుతుంటే అది కాంక్రీటు, లేదా బూడిద ఇటుక. రెండూ గట్టివే, భయం లేదు. తడి ముద్దలా బిట్టుకు అంటుకుని వస్తే లోపల చెమ్మ ఉంది. ఆ రంధ్రాన్ని మూసేసి వేరే చోటు చూసుకోండి.

ఇటుక ఖాయమయ్యాక 8 మిల్లీమీటర్ల బిట్టు పెట్టి టేపు గుర్తు దాకా వెళ్లండి. డ్రిల్లును గోడకు సరిగ్గా మూలమట్టంలో పట్టుకోవాలి. చెయ్యి ఊగితే రంధ్రం నోరు వెడల్పవుతుంది. కాల్పు తక్కువైన ఇటుక తగిలితే హ్యామర్ ఆపేయండి, లేకపోతే లోపల పగిలిపోతుంది.

ఇప్పుడు సైకిలు పంపు. దాని గొట్టాన్ని రంధ్రంలో పెట్టి నాలుగుసార్లు గట్టిగా గాలి కొట్టండి. కళ్లద్దాలు తీయకండి. రంధ్రంలో పొడి మిగిలితే ప్లగ్గు ఆ పొడిని పట్టుకుంటుంది, ఇటుకను కాదు. చాలామంది వదిలేసే పని ఇదే, నేను మాత్రం ఒక్కసారి కూడా వదలను.

బిగింపు

ప్లగ్గును చిన్న సుత్తితో తట్టి లోపలికి పంపండి. గోడ అంచుతో సమానంగా ఆగిపోనివ్వకండి. పాత స్క్రూ ఒకటి దానికి ఆనించి, పూత మందమంత ఇంకా లోపలికి నెట్టండి. ప్లగ్గు మొత్తం ఇటుకలోనే ఉండాలి. అది లోపలికి వెళ్లేటప్పుడు బిగుతుగా, తట్టితే గానీ కదలకుండా ఉండాలి. వేలితో నెడితే జారిపోయేలా ఉంటే రంధ్రం పెద్దదైంది. అగ్గిపుల్లలు, కాగితం ముక్కలు కుక్కి సరిపెట్టకండి. 10 మిల్లీమీటర్ల ప్లగ్గుకు మారండి, లేదా రెండు మూడు అంగుళాలు జరిగి కొత్త రంధ్రం వేయండి.

బ్రాకెట్టు పెట్టి స్క్రూలన్నీ ముందు సగం దాకా తిప్పండి. రసమట్టం మళ్లీ చూసి, తరవాత ఒకదాని తరవాత ఒకటిగా పూర్తిగా బిగించండి. చివరి చుట్లలో స్క్రూ బరువెక్కుతూ రావాలి. బరువెక్కి హఠాత్తుగా తేలికైపోతే లోపల పట్టు తెగింది. ఆ రంధ్రం మీద ఆశ వదులుకోండి.

స్పీకరు ఎక్కించే ముందు బియ్యం సంచితో పరీక్షించండి. స్పీకరు నాలుగు కిలోలైతే పది కిలోల సంచిని తాడుతో బ్రాకెట్టు చివరకు కట్టి అరగంట వదిలేయండి. బ్రాకెట్టు మీద రాసిన బరువు మాత్రం దాటవద్దు. అరగంట తరవాత బ్రాకెట్టు పై అంచుకూ గోడకూ మధ్య పోస్టు కార్డు దూర్చి చూడండి. దూరకపోతే పట్టు బాగుంది. దూరితే పై స్క్రూ బయటికి వస్తోంది, మళ్లీ మొదలు పెట్టాలి.

స్పీకరు ఎక్కించాక ఇంకొక్క పని. సన్నని ఉక్కు తీగ తాడు ఒకదాన్ని స్పీకరు వెనుక మర రంధ్రానికి గానీ, బ్రాకెట్టు బిగింపుకు గానీ కట్టి, రెండో కొసను గోడలో విడిగా బిగించిన కొక్కేనికి తగిలించండి. ఈ కొక్కేనికి బ్రాకెట్టుతో సంబంధం ఉండకూడదు, వేరే ఇటుకలో ఉండాలి. అన్నీ తప్పినా స్పీకరు నేల మీదకు రాకుండా ఆ తాడు ఆపుతుంది. మా మేనత్త గారి ఇంట్లో రెండోసారి బిగించినప్పుడు స్పీకర్లను చాప వేసే గోడ నుంచి ఎదుటి గోడకు మార్చాం. అయినా తాడు కట్టాం.

వైర్లు

ఎనిమిది ఓములు రాసి ఉన్న స్పీకరుకు 30, 40 అడుగుల దూరం వరకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. ఎరుపును ఎరుపుకు, నలుపును నలుపుకు కలపండి. ఒక స్పీకరుకు తారుమారైతే కింది స్థాయి శబ్దం పలచబడిపోతుంది. కరెంటు వైర్లున్న గొట్టంలోంచి స్పీకరు వైరు లాగవద్దు, దానికి వేరే పట్టీ వేయించండి. స్పీకరు దగ్గర అరచేయి అంత వైరు వదులుగా ఉంచండి. వైరు బిగుతుగా ఉంటే ఎవరైనా తగిలినప్పుడు స్పీకరును కూడా లాగుతుంది. మన తేమకు రాగి కొసలు నల్లబడతాయి కాబట్టి వాటికి టంకం పెట్టించండి, లేదా కొసలకు తొడిగే పిన్నులు వాడండి.

ఆ తరవాత

మొదటి వారం పాటలు విన్నాక స్క్రూలు ఒకసారి బిగించి చూడండి. స్పీకరు అదిరినప్పుడల్లా బోల్టులు కొద్దికొద్దిగా వదులవుతాయి. బ్రాకెట్టు బోల్టులకు స్ప్రింగ్ వాషర్ వేస్తే అది తగ్గుతుంది. తరవాత ఏడాదికి రెండుసార్లు చూస్తే చాలు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఒకసారి, తుపానుల కాలం దాటి సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు మరొకసారి. చూడవలసినవి కొన్నే. పోస్టు కార్డు పరీక్ష, స్క్రూ తలల మీద తుప్పు, బ్రాకెట్టు చుట్టూ పూతలో వెంట్రుక మందం పగుళ్లు, తాడు బిగువు. స్పీకరు గాలి గొట్టంలోకి టార్చి వేసి కూడా చూడండి. మట్టి గూళ్లు కట్టే కందిరీగలు అక్కడ కాపురం పెడతాయి. గూడు కనిపిస్తే స్పీకరును దించి, ముఖం కిందికి పెట్టి మెల్లగా తట్టి రాల్చండి. లోపలికి పుల్ల పెట్టి పొడిస్తే అట్ట చిరుగుతుంది.